బిగుసుకుపోయిన ఉప్పునీటి పంపు: నా అనుభవం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటపై నిషేధం. ఆ రెండు నెలలూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసుకుంటారు, బోట్లకు రంగులు వేయిస్తారు. ఇంజినును చల్లబరచే ఉప్పునీటి పంపు మాత్రం ఎవరికీ గుర్తురాదు. రోజూ తిరిగే పంపుతో పెద్ద పేచీ లేదు. లోపల నీళ్లు నిలిచి, ఆరి, ఉప్పు గడ్డకట్టాకే అసలు గొడవ.

నిషేధం ముగిసే ముందు ఇంజిను చూసుకుందామని దిగాం. బెల్టు వదులు చేసి పంపు పుల్లీని చేత్తో తిప్పితే వెంట్రుకవాసి కూడా కదలలేదు. "స్టార్ట్ చేసేయండి, అదే వదులుతుంది" అని పక్క బోటు నుంచి ఉచిత సలహా వచ్చింది. మా సరంగు (బోటు నడిపే) పెద్దాయన ససేమిరా అన్నారు. ఆయనన్నదే సబబు. పట్టేసిన పంపు మీద ఇంజిను బలం చూపిస్తే బెల్టు కాలుతుంది, లేదా పంపు లోపల తిరుగుతూ నీళ్లు తోడే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, దాని రెక్కలు తెగుతాయి.

సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే వాల్వు, సీకాక్, కట్టేసి పంపు ఊడదీశాం. ఎక్కడ పట్టిందో తెలియాలంటే ముందు మూత తీసి ఇంపెల్లర్ లాగేయాలి. రబ్బరు రెక్కలు ఒకే పక్కకు వంగి, ఎండిన కొబ్బరి చెక్కలా గట్టిపడి ఉన్నాయి. ఒక రెక్క కొస లేనేలేదు. ఇంపెల్లర్ వచ్చాక కూడా దాన్ని తిప్పే ఇరుసు, షాఫ్టు, కదల్లేదంటే జబ్బు వెనకాల, బేరింగుల్లో ఉన్నట్టే.

పంపు పొట్ట కింద, షాఫ్టు చుట్టూ నీళ్లు ఆపే సీలుకూ బేరింగులకూ మధ్య, చిన్న రంధ్రం ఉంటుంది. సీలు అరిగితే నీళ్లు బేరింగుల్లోకి పోకుండా అక్కడి నుంచి బొట్లుబొట్లుగా బయటికి కారాలి. మా పంపుకు ఆ రంధ్రమే కనిపించలేదు. గోటితో గీకితే నీలిరంగు పెయింటు పొరలు పొరలుగా ఊడి వచ్చింది, దాని వెనక తడి ఉప్పు ముద్ద, ఎర్రటి తుప్పు నీరు. ఇంజిను అందంగా కనబడాలని ఎప్పుడో ఎవరో పూసిన రంగు అది. బయటికి దారి లేక నీళ్లు బేరింగులను తినేశాయి.

నీటి వైపు వినెగర్ పోసి, ఉప్పు కరిగాక వేడినీళ్లతో కడిగేశాం. బేరింగుల వైపు తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేసి, ఆటోనగర్‌లో లేత్ షాపుకు పట్టుకెళ్లాం. సుత్తి జోలికి పోలేదు. దెబ్బ కొడితే షాఫ్టు కొస నలిగి వెడల్పయి, ఇక అది బేరింగులోంచి రానే రాదు. టర్నర్ బేరింగును పట్టి ఉంచే రింగు, సర్‌క్లిప్, తీసి, కంచు బాడీని వేడి చేసి, ప్రెస్సులో పెట్టాడు. వేడికి ఉక్కు కన్నా కంచు ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి బేరింగు పట్టు సడలుతుంది. టక్కుమని ఒక చప్పుడు, షాఫ్టు కదిలింది.

"గోరు పెట్టి చూడు బాబూ" అన్నాడు. సీలు కూర్చునే చోట గాడి పడి గోరు చిక్కుకుంటోంది. అక్కడ కొత్త సీలు వేసినా కారుతుంది. అందుకని 316 రకం స్టెయిన్‌లెస్ కడ్డీతో కొత్త షాఫ్టు తీయించాం. బేరింగుల మీద 6203 అని చెక్కి ఉంది. ఆ నంబరుతో బజారులో ఎక్కడైనా దొరుకుతాయి. రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నవే అడిగి తీసుకున్నాం. సీలును స్ప్రింగు ఉన్న వైపు నీటికేసి ఉండేలా కూర్చోబెట్టాం. అరిగిన మూత పలకను తిరగేస్తే రెండో ముఖం నున్నగా ఉంది, దానికి డబ్బు మిగిలింది. కొత్త ఇంపెల్లర్‌కు గ్రీజు బదులు గ్లిజరిన్ రాసి, ఇంజిను తిరిగే దిశకు తగ్గట్టు రెక్కలు మడిచి దించాం. మూత కింద వేసే పలుచని పొర, గ్యాస్కెట్, పాతదాని మందమే ఉండాలి. మందం పెరిగితే పంపు నీళ్లు సరిగా లాగదు.

తప్పిపోయిన రెక్క కొస కోసం, పంపు నుంచి నీళ్లు వెళ్లి ఇంజిను వేడిని లాగేసే కూలర్ మూత విప్పాం. గొట్టాల నోటి దగ్గర, గుల్ల పెంకుల మధ్య ఇరుక్కుని దొరికింది. దాన్ని అలాగే వదిలేసి ఉంటే, పంపు ఎంత బాగున్నా ఇంజిను వేడెక్కేది.

స్టార్ట్ చేశాక బోటు పక్క గొట్టం నుంచి నీళ్లు ధార కట్టాయి. పొట్ట కింద రంధ్రం పొడిగానే ఉంది. పెద్దాయన ధార కింద చేయి పెట్టి చూసి, ఐసు ఎప్పుడు వేయిస్తారో కనుక్కోమన్నారు.