టావెర్నియర్ పుస్తకం కోసం పారిస్‌లో

గోల్కొండ వజ్రాల మీద తెలుగులో ఏ వ్యాసం చదివినా టావెర్నియర్ పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. పదిహేడో శతాబ్దంలో మన గనులదాకా వెళ్ళి రాళ్ళు కొన్న ఫ్రెంచి వ్యాపారి ఆయన. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేలమంది పనిచేస్తున్నారని రాసిందీ ఆయనే. (ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.) తీసుకెళ్ళిన వజ్రాల్లో మేలైనవి పధ్నాలుగో లూయీకి అమ్మాడు. తన ఆరు ప్రయాణాల కథని 1676లో పారిస్‌లో అచ్చు వేయించాడు. ఉద్యోగం పేరుతో నేను ఆ పారిస్ శివార్లలోనే ఉంటున్నాను. ఆ పుస్తకం పాత కాపీ ఒకటి ఇంట్లో ఉండాలన్న పిచ్చి ఎప్పుడు పట్టిందో చెప్పలేను గానీ, పట్టాక వదల్లేదు.

అమ్మకి ఫోన్‌లో చెబితే, "అదే పుస్తకం కంప్యూటర్లో ఊరికే వస్తుందన్నావు కదరా, మళ్ళీ కొనడం దేనికి? ఆ డబ్బు పెడితే కాసు బంగారం రాదూ?" అంది. ఊరికే వచ్చే మాట నిజమే. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం గాలికా అనే సైట్‌లో లక్షలాది పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టింది. కొనాలనుకునేవాడు ముందు చేయాల్సిన పని కూడా అక్కడే ఉంది. ఏ పేజీ తరవాత ఏ పేజీ రావాలి, బొమ్మలు ఎన్ని, ఏ బొమ్మ ఎక్కడ ఉండాలి అన్నది ఆ ఉచిత కాపీలో చూసి రాసి పెట్టుకోవాలి. నేను ఒక చిన్న నోట్‌బుక్‌లో అలా రాసుకున్నాను. తరవాత జరిగినదంతా ఆ నోట్‌బుక్ చలవే.

1676 ముద్రణ రెండు పెద్ద సంపుటాలు. మంచి కాపీ అంటే వేల యూరోల మాట, నా జీతానికి అందదు. అయితే పుస్తకం బాగా అమ్ముడుపోవడంతో మళ్ళీ మళ్ళీ వేశారు. వాటిలో 1692 నాటిది మూడు చిన్న సంపుటాలు, జేబులో పట్టేంత. ముఖపత్రం మీద ఊరి పేరు ఉండదు, "పారిస్‌లో అచ్చయిన ప్రతి ప్రకారం" అని మాత్రం ఉంటుంది. అలా ఉందంటే సాధారణంగా హాలండ్‌లో వేసినట్టు లెక్క. ఫ్రెంచి రాజు ఇచ్చిన ముద్రణ హక్కు సరిహద్దు దాటితే చెల్లదు కాబట్టి, డచ్చివాళ్ళు పారిస్‌లో పేరు తెచ్చుకున్న ప్రతిదాన్నీ చిన్న సైజులో, చవకగా దింపేవాళ్ళు. ఇవాళ్టి మాటలో చెప్పాలంటే పైరసీ. మూడొందల ఏళ్ళు గడిచాక ఆ పైరసీకి కూడా గౌరవం వచ్చింది, ధర కూడా వచ్చింది. నేను వెతికింది ఆ ముద్రణ కోసమే.

పారిస్‌లో పాత పుస్తకం అనగానే అందరూ సెన్ నది గట్టు మీది ఆకుపచ్చ పెట్టెల గురించి చెబుతారు. సాయంత్రం నడకకి బాగుంటాయి. పదిహేడో శతాబ్దపు పుస్తకం మాత్రం అక్కడ దొరకడం అరుదు. 15వ వార్డులో జార్జ్ బ్రాసెన్స్ పార్కు పక్కన, ఒకప్పుడు గుర్రాల సంత జరిగిన షెడ్ల కింద, శని, ఆదివారాల్లో పుస్తకాల బజారు పెడతారు. చెయ్యి తిరగడానికి నాకు బాగా పనికొచ్చింది అదే. పది యూరోల పుస్తకాలు తిరగేసి, తోలు ఏదో, కుట్టు ఎలా ఉందో వేళ్ళతో నేర్చుకోవచ్చు. గొర్రెతోలు త్వరగా పొరలు లేస్తుంది, దూడతోలు నునుపుగా ఉండి గట్టిగా నిలుస్తుంది, మేకతోలు ఖరీదు. చదివి తెలుసుకోవడం వేరు, పట్టుకుని తెలుసుకోవడం వేరు.

తరవాత కేటలాగుల భాష. 'రూసర్' అంటే కాగితం మీద గోధుమరంగు చుక్కలు. 'ముయూర్' అంటే నీళ్ళు తగిలిన మరక. 'మోర్ ఫాందు' అంటే అట్టకీ వీపుకీ (కుట్టు ఉండే అంచుకీ) మధ్య మడత చీలింది. పురుగు తొలిచిన దారికి కూడా ఒక ముద్దుపేరు ఉంది, 'గ్యాలరీ'! అమ్మేవాళ్ళు ప్రతి లోపానికీ ముందు 'కొద్దిగా' చేరుస్తారు. కొద్దిగా అంటే ఎంతో ఫొటో అడిగి చూసుకోవాలి. ఇవన్నీ ఉన్నా పుస్తకం పుస్తకమే. ఏ పేజీ లేదు, ఏ బొమ్మ లేదు అని చెప్పే మాట ఉంటే మాత్రం నేను అక్కడే ఆగిపోతాను.

టావెర్నియర్‌లో అలా పోయేది వజ్రాల బొమ్మే. 1668లో తిరిగొచ్చాక రాజుకి అమ్మిన వాటిలో ఇరవై మేలైన వజ్రాల రూపాలు ఒకే రాగి పలక మీద చెక్కించాడు. వాటిలో మొదటిదే పెద్ద నీలి వజ్రం. దాన్నే తరవాత సానపట్టి తగ్గించారు, ఇప్పుడు హోప్ డైమండ్ పేరుతో వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్నది అదే. ఫ్రేము కట్టించుకునేవాళ్ళకి ఆ ఒక్క బొమ్మ చాలు. అందుకే చాలా కాపీల్లో దాన్ని ఎవరో ఎప్పుడో కోసేసి ఉంటారు.

ఒక దుకాణంలో 1692 కాపీ మూడు సంపుటాలూ కనిపించాయి. పెన్సిల్‌తో 'సరిచూశాం, సంపూర్ణం' అని రాసి కూడా ఉంది. అనుమతి అడిగి, బల్ల మీద పెట్టుకుని, నోట్‌బుక్ ప్రకారం ఒక్కొక్క పేజీ తిప్పాను. వజ్రాల బొమ్మ ఉంది! సంతోషంతో వేలు పెట్టి తడిమాను. రాగి పలకని ప్రెస్సులో నొక్కితే కాగితం మీద చుట్టూ పలక అంచు గుంట పడుతుంది. ఇక్కడ నున్నగా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఎత్తి చూశాను. ఆ కాలం కాగితంలో జల్లెడ తీగల గీతలు కనిపించాలి. మిగతా పేజీలన్నిటిలో ఉన్నాయి, ఈ ఒక్కదాంట్లో లేవు. గీతల్లేని కాగితం ఫ్రాన్స్‌లో పద్దెనిమిదో శతాబ్దం చివరి భాగానికి గానీ రాలేదు. అంటే ఎవరో తరవాత కాపీ తీసి, టీ రంగు పట్టించి అతికించారన్నమాట.

దుకాణం ఆయనకి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "మీరు చెప్పింది నిజమే మస్యు, నేను కొన్నప్పటి నుంచీ ఇలాగే ఉంది. ధర తగ్గిస్తాను, తీసుకోండి" అన్నాడు. తగ్గించిన ధర నిజంగానే బాగుంది. కానీ నేను ఆ పుస్తకం చుట్టూ తిరుగుతున్నదే ఆ బొమ్మ కోసం. దండం పెట్టి వచ్చేశాను.

చివరికి దొరికింది ద్రువో వేలంలో. 1852 నుంచీ నడుస్తున్న వేలంశాల అది. సోఫాల దగ్గర్నుంచి రాతప్రతుల దాకా అన్నీ అక్కడే అమ్ముతారు. అమ్మకానికి ముందు ఎవరైనా వెళ్ళి చూడొచ్చు, టికెట్ లేదు. అద్దాల బీరువాలోంచి తీసిమ్మంటే తీసిస్తారు. నా నోట్‌బుక్ చూసి అక్కడి కుర్రాడు నవ్వాడు గానీ, తొందరపెట్టలేదు. మడిచి కుట్టిన కాగితాల కట్టలకి అడుగున ఎ, బి, సి అని అక్షరాలు ఉంటాయి. వరస తప్పకుండా ఉన్నాయో లేదో చూశాను. జె, యు, డబ్ల్యు ఉండవు, ఆ అక్షరాలు వదిలేయడం అప్పటి అచ్చువాళ్ళ అలవాటు, కంగారు పడక్కర్లేదు. రెండో సంపుటంలో వజ్రాల బొమ్మ మడతల్లో దాక్కుని ఉంది. మడత దగ్గర చిన్న చిరుగు, కానీ పలక గుంట వేలికి తగిలింది. మొదటి సంపుటం వీపు పైన తోలు ఊడింది. ముఖపత్రం మీద లైబ్రరీ ముద్ర ఏమైనా ఉందేమోనని ప్రత్యేకంగా వెతికాను. ఫ్రాన్స్‌లో గ్రంథాలయాల సొత్తుకి కాలపరిమితి ఉండదు. ఎన్నేళ్ళు గడిచినా వెనక్కి ఇమ్మని అడగొచ్చు. ముద్ర ఏదీ లేదు.

వేలానికి వెళ్ళేవాళ్ళు ముందు లెక్క కాగితం మీద వేసుకోవాలి. సుత్తి పడిన ధర మీద వేలంశాల ఫీజు పాతిక నుంచి ముప్పై శాతం దాకా ఉంటుంది. నాలుగు వందల యూరోలకి పాట ఆగితే చేతికి వచ్చేసరికి అయిదు వందలో, ఆ పైనో అవుతుంది. నేను ఫీజు కలిపే ఒక అంకె రాసుకుని, ఏం జరిగినా అది దాటనని అనుకుని కూర్చున్నాను.

నా లాట్ (అంటే నేను పాడదామనుకున్న ఆ మూడు సంపుటాలు) రావడానికి ముందు పాండిచ్చేరి వ్యాపారానికి సంబంధించిన ఉత్తరాల కట్ట ఒకటి వచ్చింది. పాట బాగా పెరిగింది, ముందు వరసలో ఒకాయన గెలిచాడు, సుత్తి పడింది. వెంటనే వెనకాల నుంచి ఒకావిడ లేచి, "ప్రభుత్వం తరఫున ప్రియాంప్షన్" అంది. అంతే, ఆ ధరకే ఆ కట్ట ప్రభుత్వానిది. చట్టం అలా ఉంది. పదిహేను రోజుల్లో ఖాయం చేస్తే చాలు. గెలిచినాయన భుజాలు ఎగరేసి మళ్ళీ కేటలాగు చూసుకున్నాడు. ఎవరి ఇంట్లోనో పెట్టెలో ఉండే బదులు అందరికీ అందే ఆర్కైవ్‌లో ఉండటం మంచిదే. పోటీ పడినవాడి కడుపుమంట మాత్రం నాకు అర్థమైంది.

రాతప్రతుల జోలికి నేను వెళ్ళకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో వ్రాన్ లూకా అనేవాడు మిషెల్ షాల్ అనే పేరుమోసిన గణిత శాస్త్రవేత్తకి దొంగ ఉత్తరాలు వేలకొద్దీ అంటగట్టాడు. వాటిలో క్లియోపాత్రా రాసినవి కూడా ఉన్నాయి, అదీ ఫ్రెంచిలో! 1870లో జైలుకి పోయాడనుకోండి. అంతటి మేధావే బోల్తా పడితే నేనెంత.

నా లాట్ వచ్చింది. ఎవరూ మాట్లాడరు. ఒకరు పెన్ను ఎత్తుతారు, ఒకరు కనుబొమ్మ కదుపుతారు. గనుల దగ్గర వ్యాపారులు గుడ్డ కింద చేతులు కలిపి, మాట లేకుండా వేళ్ళతోనే ధర చెప్పుకునేవాళ్ళని టావెర్నియర్ రాశాడు. మన పశువుల సంతల్లో తువ్వాలు కింద బేరం లాంటిదే. అది గుర్తొచ్చి నవ్వాగలేదు, నవ్వుతూనే చెయ్యి ఎత్తాను. ఫోన్‌లో ఉన్న ఎవరో రెండుసార్లు పెంచారు, టెన్షన్‌తో అరచేతులు చెమటలు పట్టాయి. నా అంకెకి ఒక్క మెట్టు కింద ఎదుటివాళ్ళు వదిలేశారు.

రసీదు జాగ్రత్త చేశాను. రేపు అమ్మాలన్నా, ఇన్సూరెన్స్ చేయించాలన్నా పుస్తకం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేది అదే. అల్మారాలో ఎండ పడని అరలో, ఇరికించకుండా, నిలబెట్టి ఉంచాను. ఊడిన తోలుకి జిగురు పూయొద్దని బైండింగ్ పని చేసే ఒకావిడ గట్టిగా చెప్పింది. తెలియనివాళ్ళు చేసే రిపేరు కన్నా చినుగు నయమట.

"ఇండియా వచ్చేటప్పుడు పట్టుకురా, చూస్తాం" అని బావ అడిగాడు. మన 1972 చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యం ఉండి వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. తీసుకెళ్ళడం తేలికే, మళ్ళీ బయటికి తేవడానికే కాగితాల తలనొప్పి. అందుకని వీడియో కాల్‌లో చూపించాను. వజ్రాల బొమ్మ దగ్గర ఆపి, "ఇదేనా? ఇంత చిన్నగా ఉందేంటి?" అన్నాడు.

ఇప్పుడు సొనెరా మీద పడ్డాను. 1782లో పారిస్‌లో వేసిన ఆయన భారతదేశ ప్రయాణ గ్రంథం రెండు సంపుటాలు, 140 బొమ్మలు. మొన్న ఒక కేటలాగులో 139 బొమ్మలున్న కాపీ కనిపించింది. లేనిది ఏ బొమ్మో చెప్పమని మెయిల్ పెట్టాను.