రిబుల్‌హెడ్ వంతెన కింద

ఉత్తర ఇంగ్లండులో లీడ్స్ నుంచి కార్లైల్ వెళ్లే రైలెక్కి రిబుల్‌హెడ్ అనే చిన్న స్టేషనులో దిగాను. రైల్లో కూర్చుని వంతెన దాటితే కనిపించేది బీడు నేల మాత్రమే కాబట్టి, వంతెనను చూడాలనుకునేవారు కిందికి దిగి నడవడమే మేలు.

అసలు ఈ మార్గాన్ని కట్టవలసిన మిడ్‌లాండ్ రైల్వే కంపెనీకే మధ్యలో మనసు మారింది. స్కాట్లండుకు పోటీ కంపెనీ పట్టాల మీద ఆధారపడకుండా సొంత దారి వేసుకుంటామని 1866లో చట్టం సంపాదించిన ఆ కంపెనీ, పోటీదారుతో రాజీ కుదిరాక పని మానుకుంటామని కోరితే పార్లమెంటు ఒప్పుకోలేదు. అలా తప్పనిసరై మొదలుపెట్టిన మార్గంలో ఈ వంతెన పని 1870 నుంచి 1874 వరకు సాగింది.

మొత్తం 24 కమానులు, పొడవు సుమారు 400 మీటర్లు, అత్యధిక ఎత్తు 104 అడుగులు. స్తంభాలు సున్నపురాయివి, కమానులు ఇటుకవి. కింద నిలబడి స్తంభాలను లెక్కపెడుతూ పోతే ప్రతి ఆరో స్తంభం మిగతావాటికన్నా బాగా మందంగా ఉన్నట్టు తెలుస్తుంది. ఒక కమాను కూలితే దాని పక్కది, దాని పక్కది వరుసగా ఒరిగిపోయే ప్రమాదం ఉంటుంది. ఆ పతనం మందపు స్తంభం దగ్గరే ఆగిపోవాలని ఈ ఏర్పాటు. తన కట్టడం కూలవచ్చని ముందే ఊహించి గీసిన ఇంజనీరు జాన్ క్రాస్లీ మీద నాకు గౌరవం కలిగింది.

కూలీలు కుటుంబాలతో ఈ బీడులోనే గుడిసెలు వేసుకుని, కొన్ని వాడలకు క్రిమియా యుద్ధం గుర్తుగా సెబాస్టపోల్, ఇంకర్‌మన్ అని పేర్లు పెట్టుకున్నారు. ప్రమాదాలతోపాటు మశూచి కూడా ఎందరినో పొట్టనపెట్టుకుంది. దగ్గరలోని చాపెల్-లె-డేల్ చర్చిలో ఈ మార్గం పనుల్లో చనిపోయినవారి స్మారక ఫలకం ఉంది. దాని ఖర్చును కంపెనీతోపాటు తోటి కూలీలు కూడా పంచుకున్నారన్న సంగతి వంతెన ఎత్తుకన్నా ఎక్కువగా నన్ను కదిలించింది.

1980లలో మరమ్మతు ఖర్చును కారణంగా చూపి మార్గాన్నే మూసివేయాలని ప్రతిపాదించారు. ప్రజల నుంచి పెద్దఎత్తున అభ్యంతరాలు రావడంతో 1989 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ప్రతిపాదనను తిరస్కరించింది, ఆపై వంతెనను బాగుచేశారు. అయితే రెండు రైళ్ల బరువు ఒకేసారి పడకుండా 1985లోనే దీని మీద ఒక పట్టాల జతను తీసేశారు కాబట్టి, రెండు దారుల వెడల్పున్న ఈ వంతెన మీద ఇప్పటికీ ఒక్క దారే నడుస్తోంది.