ఎర్త్ గుంతలో నీళ్లు పోసే ముందు

కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది. ఎవర్ని అడిగినా చెప్పేది ఒకటే: ఎర్త్ గుంతలో, అంటే ఇంటి ఎర్త్ వైరు మట్టిలోకి దిగే చోట, రెండు బకెట్ల నీళ్లు పొయ్యండి, కాస్త ఉప్పు వెయ్యండి. నాకు ఈ సలహా అస్సలు నచ్చదు, ఎందుకంటే రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు) మట్టిలో ఉందా వైర్లో ఉందా అని ఎవరూ చూడరు.

ఆ జివ్వుమనడం సంగతే తీసుకోండి. కంప్యూటర్ పవర్ సప్లైలో ఫేజ్‌కీ బాడీకీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఎర్త్ తెగిపోతే బాడీ సగం వోల్టేజీ దగ్గర తేలుతుంది, అందుకే 230 వోల్టుల సరఫరా ఉన్న చోట మీటర్ పెడితే 110 చుట్టుపక్కల చూపిస్తుంది. కానీ ఆ కెపాసిటర్ల గుండా బాడీకి చేరే కరెంటు అర మిల్లీ ఆంపియర్ లాంటిది. మీ ఎర్త్ మరీ చెత్తగా 200 ఓమ్‌లు ఉన్నా బాడీ మీద మిగిలేది 0.1 వోల్టు. అంటే జివ్వుమంటోందంటే మట్టి ఎండిపోయి కాదు, దాదాపు ఎప్పుడూ వైరు ఎక్కడో ఊడిపోయి. (హీటింగ్ ఎలిమెంట్ పగిలి నిజంగా లీకవుతున్న గీజర్ అయితే అది వేరే కథ.)

కాబట్టి ముందు ఇంట్లోపల. ప్లగ్గులన్నీ పీకేసి, మెయిన్ ఆపి, ఫేజూ న్యూట్రలూ రెండు తీగలూ ఆగాయని చూసుకున్నాక ఒక పొడవాటి వైరూ మల్టీమీటరూ తీసుకుని బోర్డులోని ఎర్త్ బార్ (ఎర్త్ వైర్లన్నీ కలిసే పట్టీ) నుంచి ఒక్కో సాకెట్ ఎర్త్ పిన్ దాకా కొలవండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 మీటర్లకి పావు ఓమ్ మాత్రమే, అందుకని మీ కొలత వైరు రెసిస్టెన్స్ తీసేశాక ఒక ఓమ్ లోపే రావాలి. ఎక్కువొస్తే, లేదా రీడింగ్ గెంతుతూ ఉంటే, స్క్రూ లూజు. అసలేమీ రాకపోతే సాకెట్ విప్పండి, మూడో పిన్నుకి వైరే ఉండదు. ఇంకా ఘోరం, ఎవరో న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేసి ఉంటారు. పైకి అంతా బ్రహ్మాండంగా ఉన్నట్టే ఉంటుంది, కానీ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, వెలుగుతున్న బల్బుల గుండా ఫేజ్ తిరిగొచ్చి మీ ఫ్రిజ్ బాడీ మీద కూర్చుంటుంది. ఆ ముక్క కనిపిస్తే మిగతా పనంతా ఆపి ముందు దాన్ని తీసెయ్యండి.

తర్వాత బోర్డు నుంచి గుంత దాకా. రాగి మీద చిలుము, ఇనుప పైపు మీద తుప్పు, లగ్ (వైరు చివర బిగించే లోహపు బిళ్ల) కింద పెయింటు, రాగి తీగని నేరుగా జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పైపుకి బిగించిన చోట తడికి జింక్ తినేసి ఉండటం... నేను చూసినంతలో ఎక్కువ కేసులు ఇక్కడే తేలిపోతాయి. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించండి. లోహపు నీళ్ల పైపునే ఎర్త్‌గా వాడుకున్న పాత ఇల్లయితే, ఎప్పుడో మధ్యలో ప్లాస్టిక్ పైపు ముక్క వేసిన రోజే ఎర్త్ పోయి ఉంటుంది, లైట్లూ ఫ్యాన్లూ మామూలుగా తిరుగుతాయి కాబట్టి ఎవరికీ తెలియదు.

ఇవన్నీ బాగున్నాకే మట్టి వంతు. బల్బు పరీక్షని నమ్మొద్దు: ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 60 వాట్ల బల్బు పెడితే, ఎర్త్ 100 ఓమ్‌లున్నా దానికి 206 వోల్టులు అందుతాయి, శుభ్రంగా వెలుగుతుంది, పైగా ఆ కాసేపూ మీ ఎర్త్ వైరు మీద 23 వోల్టులు కూర్చుంటాయి. మల్టీమీటరు కూడా మట్టికి పనికిరాదు. ఎర్త్ టెస్టరే కావాలి. మెయిన్ ఆపే ఉంచి రాడ్ (గుంతలో పాతిన లోహపు కడ్డీ) నుంచి ఎర్త్ వైరు విప్పాలి, లేకపోతే వేరే దారుల వల్ల తక్కువ చూపించి మోసం చేస్తుంది. తర్వాత టెస్టర్‌కి కలిపే రెండు మేకుల్ని నేలలో దిగ్గొట్టాలి: రాడ్ నుంచి కొలిస్తే దూరపు మేకు 30 మీటర్ల దగ్గర, మధ్య మేకు అందులో 62 శాతం, అంటే సుమారు 18.5 మీటర్ల దగ్గర. మధ్య మేకుని రెండు మూడు మీటర్లు అటూ ఇటూ జరిపినా అదే అంకె వస్తేనే ఆ అంకె నిజం. అంత జాగా లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత, మేకులు అక్కర్లేకుండా ఫేజ్ నుంచి ఎర్త్ దాకా దారంతా కొలిచే లూప్ టెస్టర్‌తో చూపించుకోవడం మేలు.

ఇప్పుడు అంకె ఎక్కువొచ్చింది, ఏం చెయ్యాలి? లావు రాడ్ కొనకండి. మట్టి రెసిస్టివిటీ (ఆ మట్టి కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 100 ఓమ్-మీటర్లు అనుకుంటే 16 మిల్లీమీటర్ల లావు, 3 మీటర్ల పొడవున్న రాడ్‌కి లెక్క ప్రకారం 33 ఓమ్‌ల పైచిలుకు వస్తుంది. లావు రెట్టింపు చేస్తే 30కి దిగుతుంది, అంతే. పొడవు రెట్టింపు చేస్తే 19 లోపుకి వస్తుంది, పైగా లోపలి తేమ కూడా అందుతుంది. కింద రాయి తగిలి దిగకపోతే రెండో రాడ్ వెయ్యండి, కానీ కనీసం రాడ్ పొడవంత దూరంలో, పక్కపక్కనే పాతితే డబ్బు దండగ. ఉప్పు వానకి కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ రాడ్‌ని తింటుంది. బెంటొనైట్ అనే బంకమట్టి తేమని పట్టి ఉంచుతుంది, అది నయం.

ఇంతా చేసి 10 ఓమ్‌లకి తెచ్చారనుకోండి. కరెంటు కంపెనీ ఎర్త్ వైరు ఇవ్వక, సొంత రాడ్ మీదే ఆధారపడే ఇంట్లో ఫేజ్ బాడీకి తగిలితే పారేది మహా అయితే 23 ఆంపియర్లు. దానికి 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ (కరెంటు మోతాదు మించితే తనే పడిపోయే స్విచ్) గంటలో పడుతుందన్న గ్యారంటీ కూడా లేదు, ఆ గంటంతా బాడీ మీద కరెంటే! అందుకే అలాంటి ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఆ మాత్రం కరెంటు ఎర్త్‌లోకి లీకైనా పడిపోయే స్విచ్) తప్పనిసరి అంటాను. బాడీ మీద 50 వోల్టులు మించకూడదన్న హద్దుతో లెక్కేస్తే దానికి ఎర్త్ 1667 ఓమ్‌ల దాకా ఉన్నా సరిపోతుంది, అయినా 200 దాటితే నేను ఒప్పుకోను, నేల ఎండితే ఎంతకి పోతుందో చెప్పలేం. అన్నట్టు, దాని మీద ఉండే టెస్ట్ బటన్ ఎర్త్‌ని పరీక్షించదు, ఎర్త్ వైరే లేకపోయినా నొక్కితే పడుతుంది.

కొలత మాత్రం నేల బాగా ఎండినప్పుడు ఒకసారి తీయించండి. రీడింగ్, తేదీ, ఆ రోజు మట్టి తడిగా ఉందా పొడిగా ఉందా, ఈ మూడూ రాసి బోర్డు తలుపు లోపల అంటించండి, వచ్చే ఏడాది పోల్చుకోవడానికి పనికొస్తాయి.