పార్కింగులో నిలబడ్డ ఇంజినీరు

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు, హైదరాబాదులో మా నాలుగో అంతస్తు వంటింట్లో గిన్నెలు కొద్ది క్షణాలు గలగలలాడాయి. అందరితోపాటు నేనూ మెట్లు దిగాను గానీ, దిగి నిలబడింది పార్కింగులో, అంటే భవనం మొత్తంలో భూకంపానికి అన్నిటికంటే ముందు లొంగే అంతస్తులో. భవనాల డిజైనే వృత్తిగా ఉన్నవాణ్ణి ఆ పని చేశానని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

భవనం బరువును నేలకు చేర్చడం పెద్ద చిక్కు కాదు. స్లాబు నుంచి బీముకు, బీము నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి పునాదికి అది దిగిపోతుంది. చిక్కంతా అడ్డంగా వచ్చే ఊపుతోనే. నేల పక్కకు జరిగితే పునాది దానితోపాటే జరుగుతుంది, పైనున్న వందల టన్నుల బరువు మాత్రం ఉన్నచోటే ఉండిపోజూస్తుంది. పై అంతస్తుల్లో గదుల మధ్య ఇటుక గోడలు, లెక్కల్లో వాటి బలాన్ని చాలామంది కలపకపోయినా, పిల్లర్లను ఎక్కువగా వంగనివ్వవు. కార్ల కోసం గోడలు మానేసిన కింది అంతస్తులో ఆ ఆసరా లేదు కనుక ఊగుడంతా అక్కడి పిల్లర్లలోనే పోగవుతుంది. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటి కథ ఇదే. మరుసటి ఏడాది సవరించిన ఐఎస్ 1893, అంటే భూకంపాన్ని తట్టుకునే కట్టడాల భారతీయ ప్రమాణం, దేశాన్ని ముప్పును బట్టి జోనులుగా విడదీసిన పటంలో అహ్మదాబాదు మూడో జోనులో ఉంది. ఆ పటంలో మన విజయవాడా అదే జోనులో ఉంది.

ఇలాంటి అంతస్తు పిల్లర్లను మామూలు లెక్కకు 2.5 రెట్ల అడ్డుబలానికి డిజైన్ చేయాలని, లేదా షియర్ వాల్స్, అంటే అడ్డంగా వచ్చే ఊపును ఆపే కాంక్రీటు గోడలు, కట్టాలని 2002లో ఆ ప్రమాణం చెప్పింది. ఆ గోడలు భవనం పొడవునా, వెడల్పునా రెండు దిక్కులా సమంగా ఉండాలి. లిఫ్టు చుట్టూ ఒక మూల మాత్రమే కట్టి ఊరుకుంటే భవనం ఊగడమే కాక మెలితిరుగుతుంది కూడా.

అయితే కాగితం మీద ఎంత లెక్క వేసినా, నా దృష్టిలో పిల్లరు ప్రాణం దాని నిలువు చువ్వల చుట్టూ కట్టే ఇనుప రింగుల్లోనే ఉంది. పిల్లరు బీమును కలిసే చోట్లకు దగ్గరలో రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు మించకూడదు. వాటి కొసలను 135 డిగ్రీలు వంచి పిల్లరు లోపలి కాంక్రీటులోకి దించాలి. సైట్లలో తరచుగా కనబడేది 90 డిగ్రీల వంపు, ఎందుకంటే అది కట్టడం తేలిక. భూకంపంలో పైపొర కాంక్రీటు రాలగానే ఆ వంపు విడిపోతుంది, రింగు తెరుచుకుంటుంది, నిలువు చువ్వలు బయటికి ఉబ్బి వంగిపోతాయి. సెంట్రింగు పలకలు బిగించాక ఇదంతా కనబడదు కనుక, పిల్లరు పోసే ముందురోజు సాయంత్రమే టార్చిలైటుతో సైటుకు వెళ్ళి ఒక్కొక్క రింగునూ చూస్తాను. ఇనుము కట్టే మేస్త్రీకి అది నచ్చదు.