అక్కడ ఒక ముద్ర ఉండాలి

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. మధ్యాహ్నం వేలం సరుకులో చూసిన షాస్‌పో, ఫ్రెంచి సైన్యపు పాత రైఫిల్, మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు.

చీటీ మీద ‘1866 మోడల్, మార్పుల్లేవు’ అని ఉంది. బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) లాగితే కొసన ఎక్‌స్ట్రాక్టర్ కొక్కెం! షాస్‌పో పేల్చేది కాగితం తూటా. లాగి పారేయడానికి ఖాళీ ఇత్తడి తొడుగే మిగలదు, కొక్కెం దేనికి? బోల్టు కదిలే ఇనప గూడు, రిసీవర్ మీద 1866 పక్కనే 74. తూటా కూర్చునే చాంబర్‌లోకి టార్చి వేస్తే లోపల దిగ్గొట్టిన గొట్టం అంచు సన్నటి గీతలా కనబడింది. 1874లో ఇత్తడి తూటాతో వచ్చిన గ్రా పద్ధతికి మార్చిన తుపాకీ అది.

మార్చనివి అరుదు. వాటిలో బోల్టులోని రబ్బరు రింగు బాగున్నవి మరీ అరుదు. ఒకసారి చేతికొచ్చిన అసలు బోల్టు గుర్తొస్తోంది. తూటాను పేల్చే సూది చుట్టూ ఉండే ఆ రింగు గిడసబారిపోయి, వేలు తగిలితే ఎండు జిగురులా పెళ్ళలు రాలింది. పేలగానే వాయువు బోల్టు తలను వెనక్కి తోస్తుంది. ఆ తల రింగును నొక్కుతుంది. రింగు పక్కలకు ఉబ్బి చాంబర్‌ను మూసేస్తుంది. ప్రష్యా వాళ్ళ సూది తుపాకీ డ్రైజేలో ఈ రబ్బరు లేదు, అందుకే వాయువు సైనికుడి మొహం మీదికి తన్నేది. కొత్త రింగు వేసినా పాత పెళ్ళలు పారేయకండి, డబ్బాలో పోసి తుపాకీతోనే ఉంచండి. మిషన్ నూనె తగలనివ్వొద్దు, రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.

ఇంత రాశాక అనిపిస్తోంది, తప్పు చీటీది, తుపాకీది కాదు. మార్చనిదానికే విలువని ఇన్నాళ్ళూ పట్టుబట్టాను. కానీ 1870-71లో ప్రష్యా చేతిలో ఓడిన ఫ్రెంచి సైన్యం ఉన్న తుపాకులనే ఇత్తడి తూటాకు తిప్పుకుంది. ఆ మార్పు కూడా దాని బతుకులో భాగమే.

క్షమించలేనిది భుజానికి ఆనించే మడమ చెక్కకు పట్టిన గతి. ఎవరో సాండ్ పేపరుతో రుద్ది వార్నిష్ కొట్టారు. కుడివైపు ఉండాల్సిన గుండ్రటి ముద్ర, నెలా సంవత్సరంతో సహా, మాయం. మడమ ఇనప పట్టీ అంచు మీద గోరు పోనిస్తే ఠక్కున ఆగింది. చెక్క వెంట్రుకవాసి లోపలికి దిగిపోయింది. ఎంత అన్యాయం!

సాండ్ పేపరు బదులు మెత్తటి గుడ్డను టర్పెంటైన్‌లో తడిపి, అరచేయంత మేర చొప్పున తుడిస్తే మురికంతా గోధుమరంగులో గుడ్డకు దిగేది. ఆరాక నాలుగైదు చుక్కల ఉడికించిన అవిసె నూనె, చెయ్యి వేడెక్కేదాకా రుద్దడం. మిగిలిన నూనె పొడిగుడ్డతో తీసేయాలి, లేకపోతే జిగటపడి దుమ్ము పడుతుంది. ఆ గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరేయండి.

పాట గురువారం. గ్రా ధరకైతే చెయ్యెత్తుతాను. బ్యారెల్ దించి దాని కింద చెక్కలోని గాడి చూడాలి, సాండ్ పేపరు అక్కడిదాకా వెళ్ళి ఉండదు.