ఈస్టర్‌కి సమాధులకి సున్నం ఎందుకు వేస్తాం

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం దాటిందంటే కోనసీమలోనైనా, నరసాపురం వైపైనా సమాధుల తోటల్లో పారలూ కుంచెలూ కనబడతాయి. గడ్డి చెక్కడం, పాచి గీకడం, సున్నం వేయడం. చూసిన ఇరుగుపొరుగువాళ్ళు "ఇది మీ పెద్దల పండగాండీ?" అని అడుగుతారు. మనవాళ్ళలో సగంమంది "ఆ, అలాంటిదే" అనేసి ఊరుకుంటారు. అలాంటిది కాదు. చనిపోయినవాళ్ళకి అక్కడ మనం పెట్టేది ఏమీ లేదు. వాళ్ళకిష్టమని కూరా అన్నం తెచ్చి సమాధి మీద పెట్టేవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు గానీ, ఈ పండగకీ దానికీ సంబంధం లేదు.

అసలు సున్నం సంగతే తిరకాసు. యేసు కాలంలో యూదులు కూడా సమాధులకి సున్నం కొట్టేవారు. వాళ్ళ పెద్ద పండగ పస్కాకి ముందు నెల అదారులో ఆ పని చేసేవారు. ఎందుకంటే సమాధిని తాకితే మైల, మైలపడితే పస్కా ఆచరించడానికి లేదు. తెల్లగా కనబడితే జనం దూరంగా తప్పుకుపోతారని సున్నం. మత్తయి సువార్త 23లో శాస్త్రులు, పరిసయ్యులు అనే వేషధారులైన మతపెద్దల్ని యేసు సున్నం కొట్టిన సమాధులతో పోల్చింది అందుకే. అక్కడ సున్నం "దగ్గరికి రావద్దు" అనడానికి. మన దగ్గర పిల్లాజెల్లాతో చీకటినే వచ్చి కూర్చోవడానికి. ఈ తారుమారుకి కారణం క్రీస్తు సమాధిలోంచి లేచిన ఆ ఆదివారం ఉదయం.

దాన్ని పౌలు వ్యవసాయం మాటల్లో చెప్పాడు. 1 కొరింథీ పత్రిక 15లో క్రీస్తుని "నిద్రించినవారిలో ప్రథమఫలము" అంటాడు. ప్రథమఫలమంటే ఏమిటో లేవీయకాండం 23లో ఉంది: కోత మొదలవగానే మొదటి పన, అంటే వెన్నుల కట్ట, యాజకుడి దగ్గరికి తేవాలి, అతను విశ్రాంతిదినం మర్నాడు దాన్ని దేవుని ముందు అల్లాడించాలి. వాళ్ళది యవల పంట, మనది దాళ్వా (రబీ) వరి, అంతే తేడా. మొదటి పన చేతికొచ్చిందంటే చేనంతా కోతకొచ్చిందనే కదా. విశ్రాంతిదినం శనివారం, దాని మర్నాడు ఆదివారం. క్రీస్తు లేచింది ఆ రోజునే. సమాధి మీద "ప్రభువునందు నిద్రించెను" అని రాయించుకునే ధైర్యం అక్కడిది. ఇంకా కొయ్యని చేను అది.

శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం తెల్లవారుజాముకి రోజున్నర కూడా లేదు, మూడో రోజు ఎలా అయిందని యువకులు ప్రతి ఏడూ అడుగుతారు. యూదులకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. రోజులో కొంచెమున్నా ఒక రోజు కిందే లెక్క. శుక్రవారం పొద్దు గుంకేలోపు సమాధి చేశారు, అది ఒకటి. శనివారం రెండు. ఆ సాయంత్రం మొదలైంది మూడోది.

ఇక పని. సున్నం బుధవారమే నానెయ్యాలి. సమాధులకి గుల్ల సున్నం బాగుంటుంది. కిలోకి ముందు రెండు రెండున్నర లీటర్ల నీళ్ళు. నీళ్ళలో సున్నం వెయ్యాలి గానీ సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు, కుతకుతా ఉడికి మొహాన చిందుతుంది. పల్చటి ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి సాగిపోతుంది, ఇనప డబ్బా వాడండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. రాత్రంతా నానాక గోనె గుడ్డలో వడగట్టి, మొత్తం కిలోకి అయిదు లీటర్లయ్యేలా నీళ్ళు కలపాలి. పది లీటర్లకి 40 గ్రాముల తుమ్మ జిగురు వేడినీళ్ళలో కరిగించి పోస్తే పట్టు ఉంటుంది. నీలిమందు చిటికెడు చాలు. ఎక్కువైతే సమాధి నీలంగా తేలి, ఏడాదంతా అలాగే ఉంటుంది.

గురువారం ఎండ తగ్గాక మొదటి పూత, శనివారం పొద్దున్నే రెండోది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన కాబట్టి ఆ రోజు పని పెట్టుకోరు. పూతకి ముందు సమాధిని తడపడం మాత్రం మర్చిపోవద్దు. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని. అందుకు చెమ్మ కావాలి. మిట్ట మధ్యాహ్నం ఎండిన సిమెంటు మీద వేస్తే అది గట్టిపడకముందే ఎండిపోయి, తెల్లారి ఆనుకున్నవాళ్ళ చొక్కాలకి అంటుతుంది. పాచి మీద వేస్తే పెచ్చులై లేస్తుంది. కొత్త సమాధికి తొందరపడి సిమెంటు కట్టించకండి. మన ఒండ్రు నేల ఒక వానాకాలమన్నా దిగాలి, లేకపోతే తలవైపు బీట వస్తుంది.

తల అంటే గుర్తొచ్చింది. తల పడమరకీ కాళ్ళు తూర్పుకీ పెట్టి పాతడం పాత క్రైస్తవ ఆచారం, లేస్తే మొహం తూర్పుకి ఉండాలని. ఇప్పుడు తోటలు ఇరుకైపోయి అందరికీ కుదరడం లేదు.

పూలు శనివారం కడియపులంక పూల మార్కెట్లో కొంటే సరి. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పున్న సమాధి చుట్టూ పన్నెండు మూరల బంతి దండ సరిపోతుంది. మీద సిలువ ఆకారానికి అరకిలో విడిపూలు. చేమంతి ఏప్రిల్లో దొరికినా ధర మండుతుంది, వదిలెయ్యండి. కొవ్వొత్తుల్ని నేరుగా సమాధికి అంటిస్తే మైనం మరక పోదు, దండలు అంటుకునే ప్రమాదం కూడా. కొబ్బరి చిప్పలో ఇసక పోసి నిలబెడితే కాలవ గాలికి కూడా నిలుస్తుంది.

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే వెలుతురు కోసం భయం లేదు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారమే ఈస్టర్. కాబట్టి మబ్బు లేకపోతే ఆ వేళకి ఆకాశంలో ఎప్పుడూ చందమామ ఉంటుంది. 2026లో ఏప్రిల్ 5. పాటలు పాడుతూ తోటకి చేరాక "క్రీస్తు లేచెను" అని పాస్టరుగారు అంటే "నిజముగా లేచెను" అని అందరూ. యోహాను 20 చదువుతారు. ఏడుస్తున్న మగ్దలేనే మరియ ప్రభువుని చూసి తోటమాలి అనుకుంటుంది. "మరియా" అని పేరు పెట్టి పిలిచాక గానీ పోల్చుకోలేదు. శ్మశానాన్ని మనవాళ్ళు తోట అనడం నాకెప్పుడూ ఆ అధ్యాయంలోంచి వచ్చినట్టే అనిపిస్తుంది.

అందరూ ఇలా చెయ్యరు. కతోలికులు సమాధుల దగ్గరికి వెళ్ళేది ముఖ్యంగా నవంబరు 2న. ఈస్టర్‌కి వాళ్ళది శనివారం రాత్రి పాస్కా జాగరణ, కొత్త నిప్పుతో ఆ ఏటి అంకెలు చెక్కిన పెద్ద పాస్కా వత్తి వెలిగిస్తారు. 1836లో మొదలైన గోదావరి డెల్టా మిషన్ తాలూకు బ్రదరన్ సంఘాల్లో చాలాచోట్ల పండగల పట్టింపే లేదు. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాం, ప్రతి ఆదివారం పునరుత్థాన దినమే అంటారు. ఆ మాటకి ఎదురు చెప్పడం కష్టం.

2027లో ఈస్టర్ మార్చి 28నే వస్తుంది. దాళ్వా అప్పటికి కోతకి రాదు, బోదెల్లో నీళ్ళు ఇంకా ఉండొచ్చు. చేల పక్కనున్న తోటల్లో చెమ్మకి పూత ఆరడం ఆలస్యమవుతుంది, సున్నం మంగళవారమే నానెయ్యండి.