రాట్నం ఫొటో మీద రంగు వేసిన పద్ధతి

ఫొటోను పెయింటింగ్‌లా మార్చే ఫిల్టరు నొక్కితే ముఖానికీ, గోడకీ, చీరకీ, నేలకీ ఒకటే కుంచె దెబ్బ పడుతుంది. అలాంటి బొమ్మ కంటికి ఆనదు. ఏది ఫొటోగా మిగలాలి, ఏది రంగులో కరగాలి అన్నది మనమే తేల్చుకోవాలి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే ఒకావిడ ఫొటోకు కంప్యూటర్‌లో రంగులేసి 12×18 అంగుళాల బొమ్మగా మార్చేటప్పుడు నేను ముందే ఒకటి అనుకున్నాను: ముఖం, వేళ్లు, నూలుపోగు ఫొటోవి, మిగతాదంతా కుంచెది.

సగం పని ఫొటో తీసేటప్పుడే అయిపోవాలి. ఇంట్లో వెలుతురు గుమ్మంలోంచి మాత్రమే వస్తోంది, ట్యూబ్‌లైటు ఆర్పించాను. రెండు రకాల వెలుగులు కలిస్తే ముఖం ఒక పక్క పచ్చగా, ఇంకో పక్క నీలంగా వస్తుంది. తర్వాత కుంచె ఆ రెండింటినీ కలిపి బురద చేస్తుంది. ట్రైపాడ్ కదపకుండా, అపర్చర్ (లెన్సు రంధ్రం) మార్చకుండా రెండు రకాల ఫ్రేములు తీశాను. ముఖానికీ వేళ్లకీ 1/125 సెకను, ఐఎస్‌ఓ (వెలుగును పట్టే చురుకు) 1600. తిరిగే రాట్నానికి 1/8 సెకను, ఐఎస్‌ఓ 100. నాలుగు స్టాపుల (వెలుగు నాలుగుసార్లు రెట్టింపైన) తేడాను ఐఎస్‌ఓతోనే సరిపెడితే ఫోకస్ లోతు రెండింటిలో ఒకేలా ఉంటుంది, అతుకు తెలియదు. చక్రం ఆకులు చెరిగిపోయినట్టు పడటం ఇక్కడ లోపం కాదు, కెమెరా మనకు ఉచితంగా వేసిపెట్టిన మొదటి పూత అది.

వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపును తెలుపుగా చూపే సర్దుబాటును) ఆటోలో వదలకూడదు. పొందూరులో కొండపత్తి, ఎర్రపత్తి కూడా వాడతారు. ఎర్రపత్తి ఏకులు (వడకడానికి చుట్టిన దూది) మల్లెపువ్వులా తెల్లగా ఉండవు, లేత ఇటుక ఛాయ ఉంటుంది. ఆటో ఆ ఛాయను చెడు రంగనుకుని తీసేస్తుంది. బూడిదరంగు కార్డు ఒక ఫ్రేములో పెట్టి తీసుకుంటే, దాన్ని బట్టి రంగులు సరిచేసుకోవచ్చు, తర్వాత తంటా ఉండదు.

"ఫొటో తీసేసినావు గదా బాబూ, మళ్లీ గియ్యడమేటి?" అని ఆవిడ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఫొటోలో గోడ మీది మేకు, ప్లాస్టిక్ బిందె, స్విచ్‌బోర్డు కూడా ముఖమంత స్పష్టంగా ఉంటాయి. గీయడమంటే ఇక్కడ ముందుగా తీసేయడమే.

రా ఫైలు (కెమెరా తన దిద్దుబాట్లు చేయకుండా దాచిన ఫైలు) తెరిచాక షార్ప్‌నెస్ సున్నాకి దించాలి. లేకపోతే అంచుల వెంట సన్నటి తెల్లగీత వస్తుంది. కుంచె దాన్ని లాగితే చీర చుట్టూ సుద్దముక్కతో గీసినట్టవుతుంది. ఫోన్ ఫొటోలతో పెద్ద చిక్కు ఇదే, వాటిలో ఆ గీత ముందే పడి ఉంటుంది. నీడలు కొంచెం ఎత్తి, కాంట్రాస్టు తగ్గించి, చప్పగా కనిపించే బొమ్మను బయటికి తీయాలి. ఘాటు కుంచెతో తెచ్చుకోవచ్చు.

కొలత 5400×3600 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 300. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో 18 అంగుళాల వెడల్పుకి సుమారు 220 ఇస్తుంది. రంగు వేసిన భాగాలకు అది చాలు, ముఖం దగ్గర మాత్రం పలచబడుతుంది. నేను వాడింది ఉచితంగా దొరికే క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్, కలంతో గీసే ఒక చిన్న పెన్ టాబ్లెట్. 16 బిట్‌లో (రంగుల మెట్లు మరీ సన్నగా ఉండే రకం) ఒక్కో నిండు పొర, అంటే లేయర్, 150 ఎంబీ దాటుతుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే ఏడెనిమిది పొరలకే కుంచె చేతి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. అయిపోయిన పొరలను కలిపేస్తూ పోవాలి. 8 బిట్‌కి దిగితే తేలిక, కానీ గుమ్మం నుంచి చీకటి మూల దాకా వెలుగు తగ్గే గోడ మీద చారలు పడతాయి.

అన్నిటికంటే పైన డీశాచురేట్ ఫిల్టర్ లేయర్ (బొమ్మను నలుపు తెలుపులో చూపే పొర) ఒకటి పెట్టి, అప్పుడప్పుడు కన్ను గుర్తు నొక్కి దాన్ని వెలిగించి చూస్తూ ఉంటాను. నలుపు తెలుపులో ముఖం గోడలో కలిసిపోతే ఎన్ని రంగులేసినా బొమ్మ నిలబడదు. దాని కింద పని మూడు దఫాలు. మొదట 400 పిక్సెళ్ల కుంచెతో గోడ, నేల. తర్వాత 120తో చీర, రాట్నం చట్రం. చివర 30తో ముఖం అంచులు. చిన్న కుంచెతో మొదలుపెడితే మళ్లీ ఫొటోనే తయారవుతుంది.

కలర్ స్మడ్జ్ కుంచెలో (రంగును పులిమే కుంచె) ఓవర్‌లే ఆన్ చేసి ఖాళీ పొర మీద పని చేస్తే కింది ఫొటో రంగు పైకి వస్తుంది, ఫొటో చెడదు. ఈ కుంచెకు రెండు పద్ధతులున్నాయి. స్మియరింగ్ పిక్సెళ్లను ఈడుస్తుంది కాబట్టి చీర మడతలకు మంచిది. డల్లింగ్ రంగును సమం చేస్తుంది, అది గోడకు. కలర్ రేట్ (కొత్త రంగు ఎంత కలవాలన్నది) సున్నా ఉంటే ఉన్న రంగే కదులుతుంది. నేను 20 నుంచి 30 శాతం ఉంచి, నీడల్లోకి ముదురు నీలం, ఇటుక రంగు ఎక్కించాను. ఫొటో నీడలు ఉత్త బూడిద, వాటిని అలా వదిలేస్తే బొమ్మ చల్లారిన బొగ్గులా ఉంటుంది. గీత దిశ కూడా ముఖ్యం: చక్రం చుట్టూ గుండ్రంగా, మడత వెంట పొడవుగా, సున్నపు గోడ మీద వాలుగా.

ముఖం మీద ట్రాన్స్‌పరెన్సీ మాస్క్ (రంగు పొరను కావలసిన చోట కనబడకుండా చేసేది) వేసి కళ్లు, ముక్కు, పెదవులు ఫొటోగానే ఉంచాను. చెంప నుంచి చెవి దాకా మెల్లగా రంగులోకి జారాలి. ఆ జారుడు దగ్గరే బొమ్మలు ఎక్కువగా పాడవుతాయి, మాస్క్ అంచు గట్టిగా ఉంటే ముఖం అతికించినట్టు కనబడుతుంది.

నూలుపోగు వెడల్పు రెండు మూడు పిక్సెళ్లే. స్మడ్జ్ తగిలితే మాయం. దాన్ని కాపాడాలని చూడటం దండగ, అన్నీ అయ్యాక పై పొరలో ఏకు నుంచి కదురు దాకా ఒక్క ఊపులో మళ్లీ గీయాలి. చేయి వణికితే గీతను నున్నగా చేసే స్టెబిలైజర్ క్రిటాలో ఉంది.

చివరి పూత ఖాదీ గుడ్డ. కిటికీ పక్కన ఏటవాలు వెలుగులో గుడ్డను ఫొటో తీసి, నలుపు తెలుపు చేసి, బొమ్మ మీద పొరగా పెట్టి, సాఫ్ట్ లైట్ అనే కలిపే పద్ధతిలో 15 శాతం. పొందూరు సన్నఖాదీ దీనికి పనికిరాదు, 100 కౌంట్ అంటే చాలా సన్న నూలు, ఆ నేత అచ్చులో కనబడదు. ముతక రకం కావాలి. ముఖం మీద ఆ నేత పూర్తిగా తుడిచేయాలి, లేదంటే చర్మం మీద మచ్చల్లా ఉంటుంది.

ప్రింటు వేసే ల్యాబ్‌కి ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో, 8 బిట్ జేపెగ్‌గా ఇచ్చి, కలర్ కరెక్షన్ వద్దని నోటితో చెప్పాలి. చెప్పకపోతే మిషన్ నీలి నీడలను "సరి" చేసేస్తుంది. ముందు ముఖం, గోడ మూల ఉన్న ముక్కను అసలు కొలతలోనే 4×6లో వేయించి, పగటి వెలుతురులో చూసుకోవాలి. స్క్రీన్ మీద కంటే కాగితం మీద మధ్య ఛాయలు ముదురుగా వస్తాయి, మాట్ కాగితం అయితే నలుపు కూడా తగ్గుతుంది. అద్దం కట్టిస్తే ప్రింటుకీ అద్దానికీ మధ్యలో మౌంట్ బోర్డు అనే అట్ట పెట్టమనాలి. మన తీరం గాలి తేమకు ప్రింటు అద్దానికి అంటుకుపోతే తీయడం కుదరదు.